చేతులెత్తిన చోటు నుంచి ఇల్లు చేరేదాకా: యుద్ధఖైదీల లెక్క

యుద్ధఖైదీల మాట వస్తే చాలామందికి ముళ్లకంచె, కాపలా బురుజు, విచారణ గది గుర్తొస్తాయి. నేను మాత్రం ముందు ఒక చీటీ చూపిస్తాను. అమెరికా సైన్యంలో దాన్ని డీడీ ఫారం 2745 అంటారు. మనిషి పట్టుబడ్డ చోటే కట్టాల్సిన చీటీ అది. మూడు ముక్కలుగా చించుకునే వీలుంటుంది. ఒక ముక్క ఖైదీ ఒంటి మీద ఉంటుంది, రెండోది పట్టుకున్న దళం దాచుకుంటుంది, మూడోది అతని సామాను సంచికి కడతారు. మూడింటి మీదా ఒకే నంబరు. పట్టుబడిన తేదీ, సమయం, మ్యాపులో ఆ చోటు, పట్టుకున్న దళం, ఏ పరిస్థితుల్లో దొరికాడన్నది అందులో రాయాలి. మిగతా సైన్యాల ఫారాలు వేరుగా ఉన్నా వాటి పని ఇదే.

ఈ చీటీ సరిగ్గా రాస్తే మనిషి లెక్కలోకి వచ్చినట్టు. రాయకపోతే ఆ తర్వాత అతనికి ఏం జరిగినా ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఖైదీల విషయంలో జరిగిన ఘోరాలను వెనక్కి తవ్వుకుంటూ పోతే చాలాసార్లు ఇలాంటి చోటే తేలతాం: రాయని పేరు, సరిపోని కాపలా, ఎవరి అధికారం ఎంతవరకో తేల్చని ఉత్తర్వు. క్రూరుడైన సైనికుడు ఏ సైన్యంలోనైనా ఉంటాడు. అతనికి అవకాశం దొరికేది ఇలాంటి ఖాళీల్లోనే.

1949 ఆగస్టు 12 నాటి మూడో జెనీవా ఒప్పందంలో 143 అధికరణాలున్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 12వది. యుద్ధఖైదీ శత్రు రాజ్యం చేతిలో ఉన్నట్టే తప్ప, పట్టుకున్న సైనికుడి చేతిలోనో దళం చేతిలోనో ఉన్నట్టు కాదని అది చెబుతుంది. నీ పక్కనున్నవాణ్ని పది నిమిషాల క్రితం చంపినవాడే ఇప్పుడు చేతులెత్తి నిలబడి ఉండవచ్చు. అయినా అతను నీ సొంత పగ తీర్చుకునే సరుకు కాదు. ఖైదీని మరో దేశానికి అప్పగించినా బాధ్యత పూర్తిగా తీరిపోదు. తీసుకునే దేశం ఒప్పందాన్ని పాటించగలదో లేదో ముందే చూసుకోవాలి. అక్కడ పాటించకపోతే సరిదిద్దించాలి, లేదా తిరిగి తెచ్చుకోవాలి.

మొదటి గంటలో చేయాల్సిన పనులు సైనికులకు కంఠతా వచ్చేలా నేర్పిస్తారు: సోదా చెయ్యి, మాట్లాడుకోనివ్వకు, వేరు చెయ్యి, త్వరగా వెనక్కి పంపు, కాపాడు, చీటీ కట్టు. సోదా ఇద్దరు చేసే పని. ఒకడు తుపాకీతో కాస్త దూరంలో, పక్కగా నిలబడతాడు. రెండోవాడు ఖైదీ వెనక నుంచి వెతుకుతాడు. వెతికేవాడు ఎప్పుడూ తన జతగాడి తుపాకీకి, ఖైదీకి మధ్యలోకి రాకూడదు. టోపీ, కాలరు మడతలు, చంకలు, నడుము పట్టీ, తొడల మధ్య, బూట్లు, ఉంటే కట్టు కింద కూడా చూడాలి. మొహమాటంతో వదిలేసే చోటే తొడల మధ్య, ఆయుధం దొరికేదీ చాలాసార్లు అక్కడే. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి.

సోదా సరిగా చేయకపోతే ఏమవుతుందో 2001 నవంబరులో ఆఫ్ఘనిస్తాన్‌లోని ఖలా-ఇ-జంగీ కోటలో బయటపడింది. మజారె షరీఫ్ దగ్గరున్న ఆ కోటకు లొంగిపోయిన తాలిబన్ పక్షపు యోధులను వందల సంఖ్యలో తెచ్చారు. పూర్తి సోదా జరగలేదు, కొందరి దగ్గర గ్రెనేడ్లు అలాగే ఉండిపోయాయి. పైగా ఆ కోటలోనే ఆయుధాగారం ఉంది. తిరుగుబాటు మొదలయ్యాక ఖైదీల చేతికి తుపాకులు దొరికాయి. దాన్ని అణచడానికి రోజులు పట్టింది, బాంబులు వేయాల్సి వచ్చింది. ఖైదీల్లో ఎక్కువమంది చచ్చిపోయారు. సోదా కాపలావాడి ప్రాణం కోసమని అందరూ అనుకుంటారు. అది ఖైదీ ప్రాణానికీ రక్షణేనని ఆ కోట చెబుతుంది.

ఏం తీసుకోవాలి, ఏం ఉంచాలి అన్నది 18వ అధికరణం తేల్చింది. ఆయుధాలు, సైనిక పత్రాలు తీసుకోవాలి. హెల్మెట్, గ్యాస్ మాస్క్, బట్టలు, తినే సామాను, ర్యాంకు బిళ్లలు, పతకాలు, గుర్తింపు బిళ్ల ఖైదీ దగ్గరే ఉండాలి. హెల్మెట్ ఎందుకంటే, వెనక్కి నడిపించే దారిలో ఫిరంగి గుండ్లు అతని మీదా పడతాయి. డబ్బు తీసుకోవాలంటే అధికారి ఉత్తర్వు ఉండాలి, రిజిస్టరులో రాయాలి, రసీదు ఇవ్వాలి. చేతి గడియారాన్ని జ్ఞాపకంగా ఉంచుకుందామని జేబులో వేసుకున్న సైనికుడు చేసింది దోపిడీయే. దాన్ని చూసీచూడనట్టు వదిలేసిన దళంలో రేపు దెబ్బలు కూడా చూసీచూడనట్టే పోతాయి. ఈ రోజుల్లో ఫోన్ల తంటా తోడైంది. ఖైదీ ఫోనును నిఘా విభాగానికి సీలు వేసి పంపాలి. సైనికుడి సొంత ఫోనైతే అక్కడ అసలు బయటికి రాకూడదు. ఖైదీని జనం వింత చూసేలా నిలబెట్టకూడదని 13వ అధికరణం. మోకాళ్ల మీద కూర్చోబెట్టి వీడియో తీసి పెట్టడం అదే తప్పు. ఆ మొహం చూసి అతని ఊళ్లో ఇంటివాళ్ల మీద కక్ష తీర్చుకునేవాళ్లూ ఉంటారు.

ఖైదీ చెప్పి తీరాల్సినవి నాలుగే: పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సైనిక నంబరు. సైనికులకు ముందే ఇచ్చే గుర్తింపు కార్డు సైజు కూడా ఒప్పందంలోనే ఉంది, వీలైనంతవరకు 6.5 సెంటీమీటర్లకు 10, రెండు ప్రతులు. కార్డు చూడమని అడగొచ్చు, లాక్కోకూడదు. ఆ నాలుగింటిని మించి ప్రశ్నలు అడగడం నేరం కాదు. జవాబు కోసం కొట్టడం, బెదిరించడం, చెప్పలేదని తిండి తగ్గించడం నేరం.

తల మీద సంచి తొడగడం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చూపు కప్పడానికి భద్రతాపరంగా కారణం ఉండవచ్చు, సొంత స్థావరం లోపలికి తీసుకెళ్లేటప్పుడు లాంటివి. దానికి కళ్లద్దాలను నల్లగా చేసో, కళ్లకు మాత్రమే గుడ్డ కట్టో, అదీ ఆ కాసేపే చేయాలి. సంచి తొడిగితే ఊపిరి ఆడదు. ఖైదీ వాంతి చేసుకున్నా, స్పృహ తప్పినా కాపలావాడికి కనబడదు. ఇంకో ప్రమాదం ఉంది. మొహం కనబడని మనిషిని కొట్టడం తేలిక. బ్రిటన్ ప్రభుత్వం 1972లోనే విచారణలో తలకు సంచులు తొడగడాన్ని, ఒకే భంగిమలో గంటల తరబడి నిలబెట్టడాన్ని, నిద్ర లేకుండా చేయడాన్ని నిషేధించింది. 2003 సెప్టెంబరులో ఇరాక్‌లోని బస్రాలో బ్రిటిష్ సైన్యం అదుపులో బహా మూసా అనే హోటల్ ఉద్యోగి చనిపోయాడు. ఒంటి మీద 93 గాయాలు. అదుపులో ఉన్న 36 గంటల్లో దాదాపు 24 గంటలు తల మీద సంచి. 2011లో వచ్చిన బహిరంగ విచారణ నివేదిక చూపించిన విషయాల్లో నన్ను బాగా కలవరపెట్టింది ఒకటుంది. 1972 నిషేధం ఎవరూ రద్దు చేయలేదు. అది కాలక్రమంలో శిక్షణ పాఠాల్లోంచి, ఉత్తర్వుల్లోంచి జారిపోయింది. నియమం దస్త్రంలో బతికే ఉంది, దాన్ని పాటించాల్సిన జవాను దాకా చేరలేదు.

వెనక్కి పంపడం అంటే యుద్ధరేఖ దగ్గరి సేకరణ కేంద్రం, అక్కణ్నుంచి తాత్కాలిక నిర్బంధ స్థలం, ఆఖరున శాశ్వత శిబిరం. చేయి మారిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టి, జాబితాతో సరిచూసి, ఇద్దరు సంతకాలు పెట్టాలి. 42 మందిని ఎక్కించిన లారీలోంచి 41 మంది దిగితే, ఆ ఒక్కడి సంగతి తేలేదాకా లారీ కదలకూడదు. తీవ్రంగా గాయపడినవాళ్లు ఈ వరుసలో రారు, వైద్య మార్గంలో పోతారు. అక్కడ ఎవరికి ముందు చికిత్స అన్నది గాయాన్ని బట్టే నిర్ణయం, యూనిఫారాన్ని బట్టి కాదు. శత్రు సైన్యపు డాక్టర్లు, నర్సులు, మతగురువులు యుద్ధఖైదీల కింద లెక్కకు రారు. తమవాళ్ల సేవకు అవసరమైనంతవరకే వాళ్లను ఉంచుకోవచ్చు.

సంఖ్య అంచనా తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో సంకీర్ణ సేనలకు 80 వేల పైచిలుకు ఇరాకీలు పట్టుబడ్డారు, వాళ్లలో చాలామంది నేల మీద పోరు నడిచిన 100 గంటల్లోనే. అప్పటికే ఆకలితో, దాహంతో ఉన్నవాళ్లు. లెక్క వేసి చూడండి. నిర్బంధ స్థలాలకు రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ చెప్పే కొలతల్లో మనిషికి రోజుకు 10 నుంచి 15 లీటర్ల నీళ్లు, ఉమ్మడి గదిలో 3.4 చదరపు మీటర్ల చోటు, 25 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. వెయ్యి మందికి రోజుకు 15 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు రోజూ మూడు ట్రిప్పులు. పడుకోవడానికే 3,400 చదరపు మీటర్లు. 40 మరుగుదొడ్లు. ఇవన్నీ ముందుకు దూసుకుపోతున్న సొంత సైన్యానికి ఇంధనం, మందుగుండు మోసే దారిలోనే రావాలి. ఖైదీల అంచనాను రవాణా ప్రణాళికలో ముందే రాయని సేనాపతికి తర్వాత ఎంత మంచి మనసున్నా నీళ్లు రావు.

1982లో ఫాక్‌లాండ్ దీవుల్లో బ్రిటిష్‌వాళ్లకు ఇదే ఎదురైంది. గుడారాలు తెస్తున్న అట్లాంటిక్ కన్వేయర్ ఓడ క్షిపణి దెబ్బకు పోయింది. జూన్ 14న లొంగుబాటు జరిగేసరికి చేతిలో దాదాపు 11 వేల మంది అర్జెంటీనా సైనికులు, అక్కడ అప్పుడు నడి చలికాలం, నీడ లేదు. వాళ్లు చేసిన పని తెలివైనది. కాన్‌బెరా, నోర్లాండ్ లాంటి ప్రయాణికుల ఓడలనే వాడుకుని, నాలుగైదు రోజుల్లోనే వేల మందిని నేరుగా అర్జెంటీనాకు చేర్చడం మొదలుపెట్టారు. పోరు ముగిసిందని తేలనందుకు దాదాపు 600 మందిని మాత్రం జులై మధ్యదాకా ఉంచారు. శిబిరం కట్టలేనప్పుడు ఇంటికి పంపడమే మేలైన శిబిరం.

పట్టుబడేటప్పటికే చిక్కి శల్యమైనవాళ్ల సంగతి వేరు. స్టాలిన్‌గ్రాడ్‌లో 1943 మొదట్లో సోవియట్ సైన్యానికి పట్టుబడ్డ దాదాపు 91 వేల మంది జర్మన్ పక్షపు సైనికుల్లో చివరికి ఇల్లు చేరింది 5-6 వేల మందే. నెలల తరబడి ఆకలి, గడ్డకట్టే చలి, పేల ద్వారా వ్యాపించే టైఫస్ జ్వరం, వాటి మీద కాలినడక ప్రయాణాలు, శిబిరాల్లో చాలని తిండి. అందుకే శిబిరంలో అడుగుపెట్టగానే పేలు పోయేలా బట్టలకు, ఒంటికి శుద్ధి, వైద్య పరీక్ష, రోగులకు వేరే గది తప్పనిసరి. తర్వాత కనీసం నెలకోసారి పరీక్ష చేయాలని, అందులో ప్రతి ఒక్కరి బరువు తూచి రాయాలని 31వ అధికరణం. ఈ బరువుల పట్టీ చాలా విలువైన కాగితం. రేషన్ కాగితం మీద 2,400 క్యాలరీలు ఉండొచ్చు. మూడు నెలల్లో మనిషి ఆరు కిలోలు తగ్గితే, ఆ తిండి మధ్యలో ఎక్కడో ఎవరో తింటున్నారని అర్థం. శిబిరం చూడ్డానికి వెళ్లిన తనిఖీదారు వంటగది కన్నా ముందు అడగాల్సింది ఈ పట్టీనే. చాలని తిండి సంగతి అలా ఉంచి, ఎక్కువ రోజులు పస్తులున్నవాడికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా ప్రమాదమే. ఒంట్లో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

ఇక శిబిరం లోపలి సంగతి. కొరియా యుద్ధ కాలంలో, 1952లో, అమెరికా సైన్యం నడిపిన కోజె దీవి శిబిరాన్ని మించిన పాఠం లేదు. 700 నుంచి 1,200 మంది కోసం వేసిన కంచెల్లో ఐదింతల మందిని కుక్కారు. రాత్రయితే కాపలావాళ్లు లోపలికి పోయేవాళ్లు కారు. లోపల కమ్యూనిస్టులు, వ్యతిరేకులు సొంత కోర్టులు పెట్టుకుని ఎదుటి పక్షంవాళ్లకు శిక్షలు వేశారు. మే 7న శిబిరం కమాండర్ బ్రిగేడియర్ జనరల్ డాడ్ 76వ కంచె గేటు దగ్గర ఖైదీలతో మాట్లాడటానికి వెళితే ఆయన్నే లోపలికి ఈడ్చుకుపోయారు, మూడు రోజులు బందీగా ఉంచుకున్నారు. జూన్ 10న పారాట్రూపర్లు ఆ కంచెను ఖాళీ చేయించాక దొరికినవి 3 వేల ఈటెలు, 4,500 కత్తులు, వెయ్యి పెట్రోలు గ్రెనేడ్లు. ఈటెల్లో చాలావరకు గుడారపు కర్రలకు ఇనుప మొన బిగించినవే. గుడారాలు, పెట్రోలు, ఇనుము శిబిరం సరఫరా చేసినవే. ఎవరూ లెక్క చూడలేదు. కొత్త కమాండర్ బోట్నర్ ఖైదీలను 500 మంది చొప్పున చిన్న కంచెల్లోకి విడదీశాక అదుపు వచ్చింది. రోజుకు రెండుసార్లు వరుసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టడం, పనిముట్లను ఇచ్చినప్పుడూ తీసుకున్నప్పుడూ లెక్క చూడటం, కాపలా లోపలిదాకా తిరగడం ఎంత విసుగు పుట్టించినా మానకూడనివి.

విడదీయడంలోనూ చిక్కుంది. ర్యాంకు, భాష, పక్షం చూసి వేరు చేయాలి, అయితే ఒకే సైన్యంవాళ్లను వాళ్ల ఇష్టం లేకుండా విడగొట్టకూడదు. 1944 ఆగస్టు 5 వేకువన ఆస్ట్రేలియాలోని కౌరా శిబిరంలో వెయ్యి మందికి పైగా జపాన్ ఖైదీలు కంచె మీదికి దూకారు. 231 మంది జపనీయులు, నలుగురు ఆస్ట్రేలియా సైనికులు చనిపోయారు. ముందురోజే, ఎన్‌సీవోల (హవల్దారు, నాయక్ లాంటి చిన్న స్థాయి నాయకుల) నుంచి మామూలు సిపాయిలను వేరే శిబిరానికి పంపుతామని చెప్పారు. తరలింపు గురించి ఎప్పుడు, ఎంత చెప్పాలి, చెప్పాక ఆ రాత్రి కాపలా ఎంత పెంచాలి అన్నది చిన్న నిర్ణయంలా కనబడుతుంది, కానే కాదు.

పారిపోబోయి దొరికినవాడికి క్రమశిక్షణ చర్య తప్ప వేరే శిక్ష వేయకూడదు. ఏ క్రమశిక్షణ శిక్షా 30 రోజులు మించకూడదు. తప్పించుకోవడం సైనికుడి సహజ ప్రయత్నమని ఒప్పందం ఒప్పుకుంది. కాల్పులు ఆఖరి మార్గం, ముందు హెచ్చరించాలి. కాపలావాడి తూటాకు ఖైదీ చనిపోయినా, గట్టిగా గాయపడినా వెంటనే అధికారిక విచారణ జరగాలి. పని విషయానికొస్తే, అధికారులతో బలవంతంగా చేయించకూడదు, ఎన్‌సీవోలకు పర్యవేక్షణ పనే చెప్పాలి. రోజు పనికి కనీసం పావు స్విస్ ఫ్రాంక్ అన్న 1949 నాటి అంకె ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని ఎప్పుడో మార్చాల్సింది. మందుపాతరలు తీయించడం ప్రమాదకరమైన పని కిందికి వస్తుంది, తనంతట తాను ముందుకొస్తే తప్ప చేయించకూడదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మన్ ఖైదీలతో పాతరలు తీయించి ఎంతోమందిని పోగొట్టాక రాసిన మాట ఇది.

కాపలావాడు, విచారణాధికారి ఎప్పుడూ వేరువేరుగా ఉండాలి. కాపలావాడి పని ఖైదీని క్షేమంగా ఉంచడం. "రేపటి విచారణకు వాణ్ని కాస్త మెత్తబరచు" అని ఒక్క మాట వినబడిందా, అక్కడితో శిబిరం చెడిపోయినట్టే. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ గ్రైబ్ జైలులో 2003 చివర్లో జరిగింది ఇదే. నిఘా విభాగం మాట కాపలా కాసే మిలిటరీ పోలీసుల మీద నడిచింది. అప్పటి అమెరికా విచారణ సంఘమే లెక్క చెప్పింది: క్యూబాలోని అమెరికా స్థావరం గ్వాంటనామోలో ఖైదీకి ఇంచుమించు ఒక కాపలావాడు ఉంటే, అబూ గ్రైబ్‌లో 75 మందికి ఒక్కడు. రిజిస్టరులో పేరే ఎక్కించకుండా దాచిన బందీలూ అక్కడున్నారు. రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చినప్పుడు వాళ్లను అటూ ఇటూ తిప్పారు. చీటీ లేని మనిషి కథ అక్కడికే వెళుతుంది.

యూనిఫారం లేకుండా దొరికినవాణ్ని ఏ లెక్క కింద చూడాలన్నది ఇంకో పెద్ద ముడి. అనుమానం ఉంటే అర్హత ఉన్న ట్రిబ్యునల్ తేల్చేదాకా యుద్ధఖైదీలాగే చూడాలని 5వ అధికరణం. 1991లో అమెరికా సైన్యం ఇలాంటి ట్రిబ్యునళ్లు దాదాపు 1,200 నడిపింది. వాటిలో ఎక్కువమంది యోధులే కాదని, ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మామూలు జనమని తేలింది. పదేళ్ల తర్వాత అదే దేశం 2002 జనవరిలో గ్వాంటనామోకు బందీలను తెచ్చి, ఒక్కొక్కరి స్థితిని చూసే బోర్డులను 2004లో గానీ మొదలుపెట్టలేదు. ఆ చిన్న విచారణను దాటవేసి ఏళ్ల తరబడి చిక్కు తెచ్చుకున్నారు. నిర్బంధంలో ఉంచిన పౌరుల సంగతి నాలుగో జెనీవా ఒప్పందం చూస్తుంది. వాళ్ల నిర్బంధాన్ని ఆరు నెలలకోసారి తిరిగి చూడాలి. అంతర్యుద్ధాల్లో పట్టుబడ్డవాళ్లకు యుద్ధఖైదీ హోదా లేకపోయినా, నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ ఉన్న ఉమ్మడి 3వ అధికరణం చిత్రహింసను, అవమానాన్ని, సరైన కోర్టు లేకుండా శిక్షించడాన్ని నిషేధించింది. ఏ లెక్కలోకీ రాని మనిషి ఈ చట్టంలో లేడు.

ఇంటికి కబురు అందడం గురించి. శిబిరం చేరిన వారంలోపు ఖైదీ ఒక కార్డు తన ఇంటికి, ఒకటి జెనీవాలోని కేంద్ర అన్వేషణ సంస్థకు రాసే వీలుండాలి. ఆ తర్వాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు. మొదటి ప్రపంచ యుద్ధంలో జెనీవాలో ఇలాంటి సమాచారంతో 70 లక్షల కార్డులు రాసి పెట్టారు. బతికున్నాడో లేదో తెలియని కొడుకు కోసం ఒక తల్లి అడిగితే, జవాబు దొరికేది ఆ పెట్టెల్లోనే. రెడ్‌క్రాస్ ప్రతినిధికి ఖైదీతో ఎవరూ వినకుండా మాట్లాడే హక్కు ఉంది. కాపలా అధికారి పక్కన నిలబడి ఉండగా జరిగిన మాటలకు విలువ లేదు.

పోరు ఆగాక ఆలస్యం చేయకుండా వదిలిపెట్టాలని 118వ అధికరణం. ఎక్కువగా రాజకీయం అడ్డుపడేది ఇక్కడే. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయాక భారత్ చేతిలో ఉన్న, పౌరులతో కలిపి దాదాపు 93 వేల మంది పాకిస్తానీలు తిరిగి వెళ్లడానికి 1973 ఆగస్టు నాటి ఢిల్లీ ఒప్పందం దాకా ఆగాల్సి వచ్చింది. ఆఖరివాళ్లు దాటింది 1974 ఏప్రిల్‌లో. బంగ్లాదేశ్ గుర్తింపు, 195 మంది మీద యుద్ధ నేరాల ఆరోపణలు మధ్యలో ఉన్నాయి. కొరియాలో ఇంకో రకం చిక్కు వచ్చింది. "మేం తిరిగి వెళ్లం" అని చెప్పిన 22 వేల పైచిలుకు మందిని జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన తటస్థ దేశాల కమిషన్, జనరల్ థోరట్ నాయకత్వంలో భారత కస్టోడియన్ సేన చూసుకోవాల్సి వచ్చింది. బలవంతంగా పంపకూడదు, వెళ్లేవాణ్ని ఆపకూడదు. అందుకే ఇప్పుడు సరిహద్దు దాటించే ముందు రెడ్‌క్రాస్ ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడుగుతుంది.

అప్పగింత రోజు బల్ల మీద మూడు కాగితాలుంటాయి. వెళ్లేవాళ్ల జాబితా, వైద్య పరీక్ష పట్టీ, సామాన్ల రిజిస్టరు. పేరు పిలుస్తారు, మొహం చూస్తారు, నంబరు సరిచూస్తారు. పట్టుకున్న రోజు సంచికి కట్టిన ముక్క మీద నంబరు, ఒంటి మీది ముక్క నంబరు ఒకటైతే సంచి విప్పుతారు. గడియారం, డబ్బు, రసీదు ప్రకారం ఉన్నాయో లేదో ఖైదీ చూసుకుని సంతకం పెడతాడు. అవతలి అధికారి తన ప్రతి మీద సంతకం పెడతాడు. అప్పుడు పట్టీలో అతని పేరు పక్కన గీత గీస్తారు.